పాత గ్రాఫిక్స్ కార్డు పక్కన కొత్తది పెడితే రెండూ కలిసి పనిచేస్తాయా?

కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నాక పాతది అట్టపెట్టెలోకి పోతుంది. నాలుగైదేళ్లు నమ్మకంగా పనిచేసింది, ఇప్పటికీ ఏ లోపమూ లేదు, అమ్మితే వచ్చేది అంతంతమాత్రం. మదర్‌బోర్డు మీద చూస్తే రెండో స్లాటు ఖాళీగా కనిపిస్తుంది. దాన్నీ అక్కడ బిగిస్తే ఏమవుతుంది? 12 జీబీ కార్డుకు 6 జీబీ కార్డు తోడై 18 జీబీ అవుతుందా? ఆటల వేగం పెరుగుతుందా? ఎవర్ని అడిగినా "భేషుగ్గా చెయ్యొచ్చు" అనో, "శుద్ధ దండగ" అనో అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కాకపోతే ఒక్కొక్కరి మనసులో ఒక్కో పని ఉంది. ఏ పనికి ఏ జవాబో, ఎందుకో నిదానంగా చూద్దాం. ఉదాహరణకు మన దగ్గర చాలామంది ఇళ్లలో ఉన్న జోడీనే తీసుకుంటాను: పాతది జీటీఎక్స్ 1060, 6 జీబీ. కొత్తది ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ.

ముందుగా, కంప్యూటర్ ఒప్పుకుంటుందా? ఒప్పుకుంటుంది. విండోస్ విస్టా కాలంలో వేర్వేరు డ్రైవర్లు కావాల్సిన కార్డులు ఒకే పీసీలో పనిచేసేవి కావు. 2009లో విండోస్ 7 వచ్చాక ఆ అడ్డు తొలగింది. అప్పటి నుంచి ఒక ఎన్‌విడియా, ఒక ఏఎండీ కార్డు పెట్టినా రెండూ డివైస్ మేనేజర్‌లో కనిపిస్తాయి, దేని డ్రైవర్ దానిది. రెండిటికీ చెరో మానిటర్ తగిలించుకోవచ్చు కూడా. చిక్కు వచ్చేది రెండూ కలిసి ఒకే పని చెయ్యాలన్నప్పుడు.

ఆటల్లో ఎందుకు కలవవు?

తెర మీద కదిలే ఆట అంతా వరసగా గీసిన బొమ్మలే. ఒక్కో బొమ్మ ఒక ఫ్రేమ్. రెండు కార్డులకు ఈ పని పంచడానికి ఎక్కువగా వాడిన పద్ధతి వంతులు వేసుకోవడం: బేసి ఫ్రేములు ఒక కార్డు, సరి ఫ్రేములు రెండోది గీస్తాయి. కొత్త కార్డు ఒక ఫ్రేమును 10 మిల్లీసెకన్లలో గీస్తుందనీ, పాతదానికి 25 మిల్లీసెకన్లు పడుతుందనీ అనుకుందాం. కొత్తది ఒక్కటే పనిచేస్తే సెకనుకు 100 ఫ్రేములు వస్తాయి. వంతులు వేస్తే పాతది తన ఫ్రేము పూర్తి చేసేదాకా కొత్తది తన తర్వాతి వంతు కోసం ఆగాలి. అంటే ప్రతి 25 మిల్లీసెకన్లకు రెండే ఫ్రేములు, సెకనుకు 80. రెండో కార్డు కలిపినందుకు వేగం 20 ఫ్రేములు పడిపోయింది. రెండో కార్డుకు మొదటిదానిలో సగం వేగమైనా లేకపోతే ఈ పద్ధతిలో మిగిలేది నష్టమే. జోడెడ్లలో ఒకటి వెనకబడితే రెండోదీ దాని నడకే నడవాల్సి వచ్చినట్టు, సమ ఉజ్జీలు కాని కార్డులు కాడికి పనికిరావు.

పైగా ఆ 80 ఫ్రేములు సమంగా కూడా రావు. రెండు వెంటవెంటనే వచ్చి తర్వాత ఒక విరామం, మళ్లీ రెండు, మళ్లీ విరామం. మీటరు 80 చూపిస్తుంటే కంటికి కుదుపులు తెలుస్తుంటాయి. ఒకే రకం కార్డులు జతచేసినవాళ్లు కూడా ఈ కుదుపుల గురించి ఏళ్ల తరబడి మొత్తుకున్నారు.

మెమరీ సంగతి ఇంకా నిరాశ. ఏ ఫ్రేము గీయాలన్నా ఆ దృశ్యంలోని గోడలు, చెట్లు, ముఖాలు, వాటి మీది రంగులు అన్నీ గీసే కార్డు మెమరీలోనే ఉండాలి. రెండు కార్డులూ ఒకే దృశ్యాన్ని వంతులవారీగా గీస్తున్నాయి కాబట్టి రెండిట్లోనూ అదే సరంజామా నకలు ఉండాలి. అందుకని 12కి 6 కలిస్తే 18 అవ్వదు, 6 అవుతుంది.

అయినా ఈ ప్రయత్నం చాలాకాలం సాగింది. 1998లో 3డీఎఫ్‌ఎక్స్ కంపెనీ వూడూ2 కార్డులు రెండిటిని జతచేసి, తెర మీది గీతల్లో ఒకటి విడిచి ఒకటి చొప్పున పంచింది. ఎన్‌విడియా 2004లో ఎస్‌ఎల్‌ఐ పేరుతో, ఏటీఐ 2005లో క్రాస్‌ఫైర్ పేరుతో మళ్లీ తెచ్చాయి. ఎస్‌ఎల్‌ఐకి ఒకే చిప్ ఉన్న రెండు కార్డులు కావాలన్నది కచ్చితమైన నిబంధన. క్రాస్‌ఫైర్ కొంచెం ఉదారంగా ఉండి, ఒకే కుటుంబంలోని దగ్గరి కార్డులను, రేడియాన్ 7970తో 7950ని పెట్టినట్టు, కలవనిచ్చేది. ఏ బ్రాండుతో ఏ బ్రాండునైనా కలిపేస్తామని లూసిడ్‌లాజిక్స్ అనే ఇజ్రాయెల్ సంస్థ హైడ్రా అనే చిప్ చేసింది. ఎంఎస్‌ఐ దాన్ని బిగ్ బ్యాంగ్ ఫ్యూజన్ అనే మదర్‌బోర్డులో పెట్టి 2010లో అమ్మింది. ఆట నుంచి వచ్చే, బొమ్మ గీయమనే ఆదేశాలను మధ్యలో పట్టుకుని, కొన్ని వస్తువులు ఈ కార్డుకు, కొన్ని ఆ కార్డుకు పంచడం దాని పని. ప్రతి కొత్త ఆటకూ ఆ మధ్యవర్తిని మళ్లీ సరిచెయ్యాల్సిందే కాబట్టి అది నిలదొక్కుకోలేదు. నాకు మాత్రం ఆ ఊహ ఇప్పటికీ ఇష్టమే.

2015లో డైరెక్ట్‌ఎక్స్ 12 వచ్చి, ఏ కార్డుకు ఏ పని ఇవ్వాలో ఆట రాసేవాళ్లే నిర్ణయించుకోవచ్చంది. ఆక్సైడ్ గేమ్స్ వాళ్లు 'యాషెస్ ఆఫ్ ద సింగ్యులారిటీ' అనే ఆటలో నిజంగానే చేసి చూపించారు: ఒక జీఫోర్స్, ఒక రేడియాన్ పక్కపక్కన కూర్చుని ఒకే యుద్ధాన్ని గీశాయి. మిగతా స్టూడియోల్లో ఆ దారి పట్టినవాళ్లు చాలా తక్కువ. రెండు కార్డులున్న ఆటగాళ్లు గుప్పెడుమంది, వాళ్ల కోసం పడాల్సిన శ్రమ కొండంత.

ఈలోగా ఆటలు గీసే తీరే మారిపోయింది. అంచులు నునుపు చేయడానికైనా, చిన్న బొమ్మను పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్ వంటి వాటికైనా ఇప్పుడు ముందు ఫ్రేముల సమాచారం కావాలి. ఆ ముందు ఫ్రేము పక్క కార్డులో ఉంటే, అది పూర్తయ్యేదాకా ఆగి, అక్కడి నుంచి తెచ్చుకుని, అప్పుడు మొదలుపెట్టాలి. వంతుల పద్ధతికి ఉన్న ఒకే ఒక్క బలం, ఒక ఫ్రేము పూర్తవకుండానే పక్క కార్డు తర్వాతి ఫ్రేము మొదలుపెట్టగలగడం, దాంతో పోయింది. 2021 జనవరి 1 నుంచి కొత్త ఆటలకు ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు ఇవ్వబోమని ఎన్‌విడియా ప్రకటించింది. 30 సిరీస్‌లో 3090, 3090 టీఐలకే కార్డులను జతచేసే కనెక్టర్ మిగిలింది. 2022లో వచ్చిన 4090లో అదీ లేదు.

మరి ఎక్కడ కలుస్తాయి?

పని ముక్కలై, ఏ ముక్క కోసం ఏ ముక్కా ఆగనక్కర్లేని చోట. ఇథీరియం మైనింగ్ రోజుల్లో ఒకే చట్రానికి ఆరు రకాల కార్డులు వేలాడదీసి నడిపినవాళ్లున్నారు. ఒక్కో కార్డు తన లెక్క తను చేసుకుంటుంది, పక్కదానితో మాటామంతీ లేదు, కాబట్టి పొంతన లేకపోయినా నష్టం రాలేదు.

బ్లెండర్‌లో యానిమేషన్ చేసేవాళ్లకు ఇది నేరుగా ఉపయోగపడుతుంది. ఆటలో మాదిరి ఇక్కడ ఎవరూ బొమ్మ కోసం కళ్లు కాయలు కాచేలా చూడరు, రాత్రి పెట్టి పొద్దున చూసుకుంటారు. ఒక ఫ్రేముకు కొత్త కార్డు ఒక నిమిషం, పాతది మూడు నిమిషాలు తీసుకుంటుందనుకుంటే, 250 ఫ్రేముల యానిమేషన్‌కు కొత్తది ఒక్కటే 4 గంటల 10 నిమిషాలు తీసుకుంటుంది. రెండూ విడివిడిగా పనిచేస్తే దాదాపు 3 గంటల 8 నిమిషాల్లో ముగుస్తుంది. ఒకే బ్రాండు కార్డులైతే బ్లెండర్ సెట్టింగుల్లో రెండిటికీ టిక్కు పెడితే చాలు, ఒక్కో ఫ్రేమునే పంచుకుంటాయి. బ్రాండ్లు వేరైతే ఒకే రెండర్‌లో కలవవు గానీ, దానికీ దారుంది. అవుట్‌పుట్ సెట్టింగుల్లో ఓవర్‌రైట్ తీసేసి ప్లేస్‌హోల్డర్స్ పెట్టండి. తర్వాత కమాండ్ లైన్ నుంచి అదే ఫైలును రెండుసార్లు నడిపించండి, ఒకదానికి ఎన్‌విడియా, ఇంకోదానికి ఏఎండీ కేటాయిస్తూ. ఒక కార్డు ఏదైనా ఫ్రేము మొదలుపెట్టగానే ఆ పేరుతో ఖాళీ ఫైలు పడుతుంది. అది చూసి రెండోది తర్వాతి నంబరుకు వెళ్లిపోతుంది. వేగమైనది ఎక్కువ ఫ్రేములు, నిదానమైనది తక్కువ ఫ్రేములు చేస్తూ వాటంతట అవే సర్దుకుంటాయి. మెమరీ మాత్రం ఇక్కడా కలవదు. ఏ కార్డుకా కార్డు మొత్తం సీనును తనలో పెట్టుకోవాలి. 6 జీబీలో పట్టని సీనైతే పాత కార్డు ర్యామ్‌లోంచి తెచ్చుకుంటూ నత్తనడక నడుస్తుంది, లేదా ఆగిపోతుంది.

మెమరీ నిజంగా కలిసే పని ఒకటుంది: ఇంట్లోనే భాషా మోడళ్లు నడపడం. ఈమధ్య ఈ ప్రశ్న మళ్లీ పైకి రావడానికి కారణం అదే. అక్కడ ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడటం మంచిది.

2025 జనవరిలో వచ్చిన మిస్ట్రల్ స్మాల్ 3 అనే మోడల్ తీసుకోండి. 24 బిలియన్ పారామీటర్లు, 40 పొరలు. నాలుగు బిట్లకు కుదిస్తే సుమారు 14 జీబీ. 3060లో పట్టదు. లామా డాట్ సీపీపీ వంటి ప్రోగ్రాములు ఈ పొరలను పంచుతాయి: మొదటి 28 పొరలు 3060లో, మిగిలిన 12 పొరలు 1060లో. ఒక్కో మాటముక్క తయారవ్వాలంటే లెక్క మొదటి పొర నుంచి చివరి పొర దాకా వరసగా నడవాలి. 28వ పొర దాటాక పక్క కార్డుకు పంపాల్సింది 5,120 సంఖ్యల వరస ఒక్కటే, మహా అయితే 20 కిలోబైట్లు. అంత చిన్న మూట కాబట్టి రెండో స్లాటు నెమ్మదిదైనా ఇబ్బంది లేదు. పైగా ఏ పొర సరంజామా ఆ కార్డులోనే ఉంది, రెండో కార్డులో నకలు అక్కర్లేదు. ఆటల్లో కుదరని 12 ప్లస్ 6 ఇక్కడ కుదిరేది అందుకే.

వేగం ఎంత? ఒక్కో మాటముక్కకు ఆ 14 జీబీనీ మెమరీలోంచి ఒకసారి చదవాలి. కాబట్టి లెక్క కట్టాల్సింది మెమరీ చదివే వేగంతో. 3060 సెకనుకు 360 జీబీ చదువుతుంది, తన వాటా 9.8 జీబీకి 27 మిల్లీసెకన్లు. 1060 సెకనుకు 192 జీబీ చదువుతుంది, 4.2 జీబీకి 22 మిల్లీసెకన్లు. ఒకటి ముగించాకే రెండోది మొదలుపెడుతుంది కాబట్టి మొత్తం 49, అంటే సెకనుకు మహా అయితే 20 మాటముక్కలు. అదే పాత కార్డు లేకపోతే ఆ 4.2 జీబీ ర్యామ్‌లో ఉండాలి. రెండు స్టిక్కుల డీడీఆర్4 3200 ర్యామ్ సెకనుకు 51 జీబీయే ఇస్తుంది. 82 మిల్లీసెకన్లు అక్కడే పోతాయి, వేగం తొమ్మిదికి దిగుతుంది. ఇవి కాగితం మీది గరిష్ఠాలు, చేతికొచ్చేది ఇంతకంటే తక్కువే ఉంటుంది. కానీ నిష్పత్తి చూడండి: పదేళ్ల నాటి కార్డు వేగాన్ని రెట్టింపు చేసింది. అట్టపెట్టెలో పడి ఉన్న కార్డుకు ఇంతకంటే గౌరవమైన ఉద్యోగం నాకు తెలిసి మరొకటి లేదు. బ్రాండ్లు వేరైనా, అదే ప్రోగ్రామును వల్కన్ అనే ఉమ్మడి ఇంటర్‌ఫేస్ మీద నడిపితే రెండూ పనిచేస్తాయి.

ఒక హెచ్చరిక: ఇది మోడల్‌ను వాడుకోవడానికే. మోడల్‌కు శిక్షణ ఇచ్చేటప్పుడు కార్డులు ప్రతి అడుగు చివరా లెక్కలు సరిచూసుకుంటాయి కాబట్టి, వేగమైనది నిదానమైనదాని కోసం ఆగే పాత కథే మళ్లీ మొదలవుతుంది.

ఆటలకు అసలు దారే లేదా అంటే, పక్కదారి ఒకటి ఉంది. స్టీమ్‌లో దొరికే లాస్‌లెస్ స్కేలింగ్ అనే ప్రోగ్రాము ఆటను ఒక కార్డు మీద గీయించి, గీసిన ఫ్రేముల మధ్య ఇరికించే ఫ్రేములను రెండో కార్డుతో తయారుచేయిస్తుంది. మానిటర్ కేబుల్ రెండో కార్డుకు తగిలించాలి. ఇక్కడ మాత్రం స్లాటు వేగం లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే గీసిన ఫ్రేములన్నీ ఆ దారినే ప్రయాణించాలి. 1080పీ ఫ్రేము ఒకటి 8.3 ఎంబీ, సెకనుకు 60 అంటే దాదాపు 500 ఎంబీ. ఏ స్లాటైనా మోస్తుంది. 4కే ఫ్రేము 33 ఎంబీ, సెకనుకు 120 అంటే 4 జీబీ. పాత బోర్డుల రెండో స్లాటు దీన్ని మొయ్యలేదు. కదలిక నునుపుగా కనిపించడం నిజమే గానీ, మౌస్ కదిపాక తెర స్పందించే వేగం పెరగదు, కొద్దిగా తగ్గుతుంది కూడా. పోటీ ఆటలు ఆడేవాళ్లకు నేనైతే చెప్పను.

రెండు కార్డులకూ వేర్వేరు పనులు అప్పజెబితే ఇక తగువే లేదు. ఏవీ1 వీడియో ఎన్‌కోడింగ్ కోసం ఇంటెల్ ఆర్క్ ఏ380 లాంటి 75 వాట్ల చిన్న కార్డు పెట్టుకునేవాళ్లున్నారు. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ 2025లో వచ్చినప్పుడు 32 బిట్ల కుడా (కార్డుతో లెక్కలు చేయించే ఎన్‌విడియా వేదిక) లేకపోవడంతో, మిర్రర్స్ ఎడ్జ్ వంటి పాత ఆటల్లో వస్తువుల భౌతిక కదలికలను లెక్కకట్టే ఫిజ్‌ఎక్స్ ప్రాసెసర్ నెత్తిన పడింది. పాత జీఫోర్స్ ఒకటి పక్కన పెట్టి, ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్లో ఫిజ్‌ఎక్స్ దానికి కేటాయించినవాళ్లకు ఆ బెడద తప్పింది. లైనక్స్‌లో వర్చువల్ మెషీన్‌కు ఒక కార్డును పూర్తిగా ఇచ్చేసేవాళ్లకైతే కార్డులు వేరువేరుగా ఉండటమే మేలు. అప్పగించేది కార్డు ఐడీని బట్టి, ఒకే మోడల్ కార్డులు రెండుంటే ఐడీ కూడా ఒకటే అయి ఏది ఉంచుకోవాలో ఏది ఇవ్వాలో తేల్చడానికి అదనపు తంటా.

బిగించేది ఎలా?

మదర్‌బోర్డు మాన్యువల్‌తో మొదలుపెట్టండి. పొడవు చూసి రెండో స్లాటునూ ఎక్స్16 (16 డేటా లేన్లు) అనుకోవద్దు. చాలా బీ450 బోర్డుల్లో దానికి పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0 లేన్లు నాలుగే ఉంటాయి, అంటే సెకనుకు 2 జీబీ. బీ550లో సాధారణంగా 3.0 లేన్లు నాలుగు, దాదాపు 4 జీబీ. చాలా హెచ్610 బోర్డుల్లో రెండో పెద్ద స్లాటే ఉండదు. కొన్ని బోర్డుల్లో ఆ స్లాటు, ఒక ఎం.2 ఎస్‌ఎస్‌డీ ఒకే లేన్లను పంచుకుంటాయి. కార్డు పెట్టగానే డిస్కు కనిపించకుండా పోతే హడలిపోకండి, కారణం అదే.

తర్వాత ఎస్‌ఎంపీఎస్. 3060కి 170 వాట్లు, 1060కి 120, ప్రాసెసర్‌కు, మిగతావాటికి కలిపి మరో 130 వేసుకుంటే 420 అవుతుంది. కార్డులు క్షణకాలం ఇంతకంటే ఎక్కువ లాగుతాయి కాబట్టి మంచి కంపెనీ 650 వాట్లది ఉండాలి. 1060కి కావాల్సిన ఆరు పిన్నుల కేబుల్ లేదని సాటా కనెక్టర్ నుంచి మార్చే అడాప్టర్ ఎవరైనా ఇస్తే వద్దనండి. ఆరు పిన్నుల సాకెట్ 75 వాట్ల దాకా లాగొచ్చు. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద తట్టుకునేది 54. ప్లాస్టిక్ కరిగి వాసన వచ్చేది అక్కడి నుంచే.

వేడి మన దగ్గర చిన్న విషయం కాదు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో క్యాబినెట్‌లోకి వెళ్లే గాలే 40 డిగ్రీలుంటుంది. కింది కార్డు పై కార్డు ఫ్యాన్లకు అడ్డంగా నిలబడి, తన వేడి గాలినే దానికి తాగిస్తుంది. మధ్యలో కనీసం ఒక స్లాటు ఖాళీ ఉండాలి, ముందు నుంచి లోపలికి గాలి తోసే ఫ్యాన్ ఉండాలి. రెండిటి పవర్ లిమిట్ కొద్దిగా తగ్గించండి. భాషా మోడళ్లకు మెమరీ వేగమే ముఖ్యం కాబట్టి ఈ తగ్గింపు పెద్దగా తెలియదు. రోజంతా ఆన్‌లో ఉండే పీసీ అయితే, ఖాళీగా కూర్చున్న కార్డు 10 వాట్లు తిన్నా నెలకు 7 యూనిట్లు మీటరు తిరుగుతుంది.

పెట్టాక ఏ ప్రోగ్రాము ఏ కార్డు వాడాలో విండోస్ సెట్టింగుల్లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ దగ్గర చెప్పొచ్చు. కుడా ప్రోగ్రాములు వాడేవాళ్లను ఒక విషయం బాగా తికమక పెడుతుంది. ఎన్‌విడియా ఎస్‌ఎంఐ కార్డులకు స్లాటు వరసలో నంబర్లిస్తుంది. కుడా మాత్రం వేగమైనదానికి సున్నా ఇస్తుంది. అందుకని ఒకచోట సున్నా అంటే 1060, ఇంకోచోట సున్నా అంటే 3060 అయ్యే వీలుంది. కుడా డివైస్ ఆర్డర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు పీసీఐ బస్ ఐడీ అని విలువ ఇస్తే రెండూ ఒకే వరసకు వస్తాయి.

చివరికి డ్రైవర్. అసలు ఆటంకం ఎక్కువగా ఇక్కడే వస్తుంది. రెండూ ఎన్‌విడియా కార్డులైతే రెండిటికీ ఒకే డ్రైవర్ సరిపోవాలి. కెప్లర్ తరం జీటీఎక్స్ 780కి డ్రైవర్లు 470 వరసతో ఆగిపోయాయి. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060ను ఆ డ్రైవర్ గుర్తించదు, 4060 డ్రైవర్ 780ని గుర్తించదు. కాబట్టి ఆ జోడీ కుదరదు. మన 1060 తరానికి ఆఖరి వరస 580. మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరుతో ముగిశాయి, భద్రతకు సంబంధించినవి 2028 అక్టోబరు దాకా వస్తాయి. 3060తో ఆ వరస హాయిగా నడుస్తుంది. లైనక్స్‌లో మాత్రం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తో 1060ని కలపలేరు: కొత్తదానికి ఓపెన్ కెర్నల్ మాడ్యూల్ తప్పనిసరి, అది ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌తో మొదలైన ట్యూరింగ్ తరం కంటే పాత కార్డులను ముట్టుకోదు.

రెండో కార్డు ఇప్పటికే చేతిలో ఉంటేనే ఇదంతా. ఆటల కోసం రెండోది కొనాలనుకుంటే, ఉన్నది అమ్మి ఆ డబ్బు కలిపి పెద్దది ఒకటి కొనుక్కోండి. భాషా మోడళ్ల కోసం సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో మరోచోటో సెకండ్‌హ్యాండ్‌ది వెతుకుతుంటే, ముందు జీబీలు, తర్వాత మెమరీ వేగం, ఆ వెంటనే డ్రైవర్ తరం చూడండి. ఇప్పుడు కొనేది ట్యూరింగ్ కంటే పాతది కాకుండా ఉంటే మంచిది. ఇంట్లో ఉన్నది 1060యే అయితే 580 వరస ఇన్‌స్టాలర్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. ఏదో ఒక రోజు అప్‌డేట్ తర్వాత డివైస్ మేనేజర్‌లో దాని పక్కన పసుపు గుర్తు కనిపిస్తే, కార్డు చెడిపోయిందనుకునే ముందు ఆ డ్రైవర్ మళ్లీ వేసి చూడండి.